వంతెన మీద కాపురం

మొగుడు శుభ్రమైన చొక్కాతో ఇంటికొస్తే ఏ ఆడదైనా సంతోషిస్తుంది. ఆవిడకి మాత్రం గుండె గుభేలుమంది. అప్పటిదాకా ఆయన బొగ్గుతో నడిచే కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం గుమ్మంలో నిలబడితే కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ కనపడేవి కావు. ఆ మసి వదిలించడానికి రెండు బకెట్ల నీళ్లు, ఒక సబ్బుబిళ్ల, బోలెడన్ని తిట్లు ఖర్చయ్యేవి. అలాంటి మనిషి వేసుకెళ్లిన చొక్కా వేసుకెళ్లినట్టే తిరిగొచ్చేసరికి, ఉద్యోగం ఊడిందనుకుని ఏడ్చేసింది.

"ఊడలేదే పిచ్చిమొహమా, గ్యాసుకి మార్చారు," అన్నాడాయన నవ్వుతూ.

ఇప్పుడు తల్చుకున్నా ఆవిడకి ఆ రోజులే ముద్దు. రేవులో కొత్తగా కట్టిన టెర్మినల్‌కి గ్యాసు ఓడల్లో వచ్చేది. గ్యాసుని గ్యాసులాగే అంత దూరం మోయలేరు కాబట్టి, ఐసు కంటే ఎంతో చల్లగా చేసి, నీళ్లలా మార్చి తెచ్చేవారు. ఇక్కడ పెద్ద ట్యాంకులో దాచి, మళ్లీ వెచ్చబెట్టి, గొట్టాల్లో ఫ్యాక్టరీకి పంపేవారు. ఆయన పని ఆ ట్యాంకు దగ్గర. బొగ్గు ఆగాక దండెం మీద తెల్ల దుప్పటి ఆరేస్తే తెల్లగానే ఆరింది. కూతురి దగ్గు తగ్గింది. ఆ వారమంతా కాలనీ ఆడవాళ్లు కనపడిన గుడ్డనల్లా ఉతికి పారేశారు. ఎవరింట్లోనూ వంట వేళకి కాలేదు, ఏ మగాడూ నోరెత్తలేదు.

చిక్కంతా పెద్ద ఇంజనీరు ప్రసంగంతో వచ్చిపడింది. "ఈ గ్యాసు ఒక వంతెన. ఇవతల బొగ్గు, అవతలి ఒడ్డున ఎండా గాలీ ఇచ్చే కరెంటు. పదేళ్లలో దాటేస్తాం," అని అతను ఏదో మాటవరసకి అన్నాడు. ఈ మహానుభావుడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చాడు. ఇక అదే పాట. గోడకి మేకు కొడదామంటే, "వంతెన మీద మేకులు కొడతామటే?" పెరట్లో నిమ్మమొక్క వేద్దామంటే, "అది కాసేసరికి మనం అవతలుంటాం." పెళ్లి ఫోటో గోడెక్కక ట్రంకుపెట్టె మీదే చేరగిలబడి ఉండిపోయింది. సొంతిల్లు అన్న మాట ఎత్తితే చాలు, ఆయనకి ఉన్నట్టుండి డ్యూటీ గుర్తొచ్చేది. ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు కట్టుకునే రాత లేదనుకుని చివరికి ఊరుకుంది.

పదేళ్లు దాటాయి. ఇంకో పదేళ్లూ దాటాయి. కూతురు గాలిమరలు బిగించే ఉద్యోగంలో చేరింది. సెలవులకి వస్తే తండ్రితో వాదనే వాదన.

"మీ గ్యాసుదీ పొగే నాన్నా, కంటికి కనపడదంతే," అనేది.

"గాలి పడిపోయిన రోజు మా ఓడ కోసమేగా మీరంతా ఎదురుచూసేది?" అనేవాడాయన.

ఆవిడకి ఇద్దరి మాటా నిజమే అనిపించేది. ఆ గొడవ వింటూ ఇద్దరికీ వడ్డించడం ఎంత బాగుండేదో.

రానురాను ఓడలు పలచబడ్డాయి. ఒకరోజు ఆఫీసువాళ్లు ఆయన్ని పిలిచారు. టెర్మినల్‌ని ఇక అవసరానికి మాత్రమే ఉంచుతారట, చూసుకోవడానికి నలుగురుంటే చాలట. ఆ నలుగురికీ ఇప్పుడుంటున్న క్వార్టర్స్ సొంతానికి రాసిస్తారు. తక్కినవాళ్లు ఎక్కడో దూరాన, ఎండా గాలీ ఇచ్చే కరెంటుని దాచడానికి కొత్తగా పెట్టిన బ్యాటరీల యార్డుకి వెళ్లాలి. ఉంటావో వెళ్తావో నువ్వే తేల్చుకోమన్నారట ఆయన్ని. ఈ కబురు ఆయన కంటే ముందే పక్కింటి క్రేను డ్రైవరు భార్య మోసుకొచ్చింది. అది వినగానే ఈవిడ ట్రంకుపెట్టె తెరిచి బట్టలు సర్దసాగింది. అవతలి ఒడ్డు రమ్మంటే ఆ మనిషి ఆగుతాడా? సర్దుతున్నంతసేపూ ఏడుపు తన్నుకొచ్చింది. ఈ వంటగట్టు మీద కూర్చునే కూతురు ఎక్కాలన్నీ వల్లించింది. ఈ కిటికీలోంచి ఓడ కూత విని, ఆయన ఏ వేళకొస్తాడో అంచనా వేసుకునేది. నాలుగు రోజుల ముచ్చట అనుకుంటూనే బతుకంతా ఇక్కడే గడిచిపోయింది. ఈ చోటంటే తనకింత ఇష్టమని ఆవిడకి అప్పుడే తెలిసింది.

ఆయనొచ్చి కుర్చీలో చతికిలబడ్డాడు.

"ఆఫీసర్ని అడిగానే, ఆ బ్యాటరీలేనా అవతలి ఒడ్డంటే అని. నవ్వాడు. అబ్బే, ఇవీ కొంతకాలమే, ఇంకా మంచివి వచ్చేదాకా అన్నాడు."

"అంటే?"

"అంటే, అదీ వంతెనేనట."

ఆవిడకి నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. "మరి ఏం చెప్పొచ్చారు?"

"మా ఆవిడని అడిగి చెప్తానన్నాను. నువ్వెక్కడుందామంటే అక్కడే."

ఈ ఒక్క ప్రశ్న కోసం ఆవిడ ఎన్ని జవాబులు, ఎన్ని దెప్పుళ్లు పోగేసి పెట్టుకుందో. తీరా అడిగేసరికి అవన్నీ వదిలేసి ఆయన తలకేసి చూసింది. ఆ జుట్టు ఎంత నెరిసిపోయిందో అప్పుడే కనపడినట్టయింది.

"ఇక్కడే ఉందాం," అంది.

"సరే," అన్నాడాయన.

సొంతిల్లని ఇన్నేళ్లు పోరినా రాని మాట అంత తేలిగ్గా వచ్చేసింది. ఆవిడకి ఏడుపు ఆగలేదు.