గురిగి వంశోద్ధరణ

గడ్డపోతారంలోని ఒకానొక మందుల ఫ్యాక్టరీలో డ్రైయర్ సెక్షన్‌ను ఏలుతున్న వెంకటేశానికి లోకంలో ఒక్కడే శత్రువు. వాడి పేరు తేమ. ఎండవలసినదాన్ని ఎండబెట్టడమే పరమ పురుషార్థమనీ, తక్కినవన్నీ దాని ఉపశాఖలనీ ఆయన దృఢవిశ్వాసం. ఇంతటి సిద్ధాంతకర్త మాటను సెక్షన్‌లో హెల్పర్లు వినేవారు కాదు. లక్డారంలోని ఇంట్లో భార్య అరుణమ్మ వినేది కాదు. చివరికి పెరటి కోళ్ళు కూడా ఆయన గింజలు చల్లి "బో బో" అని పిలిస్తే, ఆయన పక్కకు తప్పుకున్నాకే వచ్చి తినేవి.

ఆ కోళ్ళలో గురిగి అనే బాంటం జాతి పొట్టి పెట్ట ఒకటి ఉండేది. మామూలు కోడి పక్కన నిలబడితే కుండ పక్కన గురిగిలా, అదే బుల్లి పిడతలా, కనిపించేది కనుక ఆ పేరు. ఆకారంలో పావురమంత, అహంకారంలో పట్టపుటేనుగంత. అరుణమ్మ అరచేతిలో జొన్నలు పోస్తే తప్ప ముట్టేది కాదు. ఒక మధ్యాహ్నం వెనుక గోదాము గోడ దూకి వచ్చిన ముంగిస ఆ వైభవానికి తెర దించింది. గంపలో ఏడు చిన్న గుడ్లు మిగిలాయి. ఆ రోజు అరుణమ్మ పొయ్యి వెలిగించలేదు.

పొరుగింటి మల్లవ్వ వరసకు పెద్దమ్మ. ఆమె వచ్చి గంపలోకి తొంగిచూసి పెదవి విరిచింది.

"నా కోడి కింద పెడ్దామంటే జాగ లేదు బిడ్డా. అది ముందుగాల్నే నిండుగ గూసున్నది."

అప్పుడు లేచాడు వెంకటేశం. చరిత్ర తనను పేరు పెట్టి పిలిచినట్టు ఆయనకు వినిపించింది.

"మిషన్ల పెట్టి నేను పిల్లల జేపిస్త!"

"నువ్వా?" అంది అరుణమ్మ. "పాలు గాగవెట్టుమంటెనే పొంగిస్తవు."

"పాలు వేరు, ప్రాసెస్ వేరు. గురిగి పిల్లల్ని తెచ్చి నీ చేతుల పెడ్త. పెట్టకుంటే ఇగ ఈ ఇంట్ల నేను నోరు దెరవ, సూడు!"

అరుణమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పందెం ఎటు తిరిగినా లాభం తనదే. ఒప్పుకుంది.

పటాన్‌చెరు నుంచి ఇంక్యుబేటర్ వచ్చింది. థర్మాకోల్ పెట్టె, మూతకు ప్లాస్టిక్ కిటికీ, లోపల బల్బు, బుల్లి ఫ్యాను, అడుగున నీళ్ళ గాడి, దాని మీద ఇనుప జల్లెడ. ఆ రాజప్రాసాదంలో గుడ్లు కొలువుదీరాయి. వెంకటేశం డ్యూటీకి పోయేముందూ వచ్చాకా వాటిని అటూ ఇటూ తిప్పేవాడు. తిప్పిన ప్రతిసారీ కిటికీ దగ్గర వంగి, షిఫ్టు మొదట్లో హెల్పర్లకు చెప్పే నాలుగు మాటలూ వాటికి చెప్పేవాడు.

"ఆఁ, అందరు మంచిగున్నరా? జల్దీ ఏం లేదు. పరేషాన్ గావొద్దు. సేఫ్టీ ఫస్టు."

"గుడ్లకు మీటింగు వెడుతుండు పెద్దమ్మా" అని అరుణమ్మ గోడ మీదుగా ఫిర్యాదు చేసింది.

"పెట్టనియ్యి బిడ్డా. లేచిపోదామంటె వాటికి కాళ్ళు లేవు."

వారం దాటాక ఫోను లైటుకు పట్టి చూస్తే రెండు గుడ్లు ఖాళీగా వెలిగాయి. తక్కిన అయిదింటిలో ఎర్రని నరాలు చెట్టువేళ్ళలా పాకి ఉన్నాయి; వాటి నడుమ ఒక నల్లచుక్క ఎగిరెగిరి పడుతోంది. అరుణమ్మ చాలాసేపు చూసింది. గురిగి పోయాక ఆమె నవ్వింది ఆ లైటు వెలుగులోనే.

పిల్లలు వెలువడే గడియ దగ్గరపడింది. ఇక గుడ్లు తిప్పవద్దనీ, గాడిలో నీళ్ళు పెంచాలనీ, మూత తీయరాదనీ మిషన్ అమ్మినవాడు చెప్పాడు. వెంకటేశం శ్రద్ధగా నీళ్ళు పోశాడు. తెల్లవారి చూస్తే కిటికీ అద్దమంతా ఆవిరి! తన డ్రైయర్ అద్దం మీద అలాంటి చెమట కనిపిస్తే బ్యాచ్ పోయినట్టే, పరువు పోయినట్టే. ఆయన చొక్కా జేబులో ఫ్యాక్టరీ సిలికా పొట్లాలున్నాయి. మాత్రల డబ్బాల్లో తేమ పీల్చడానికి వేసేవి. గుప్పెడు తీసి, ఎవరికీ చెప్పకుండా, జల్లెడ కింద ఒక మూలకు దోపాడు. సాయంత్రానికి అద్దం తళతళలాడింది. ఒక రాజవంశాన్ని వరద నుంచి కాపాడిన తృప్తితో ఆయన ఆ రాత్రి నిద్రపోయాడు.

ఆదివారం ఉదయం నీళ్ళ గాడికి ఆనుకుని, పొట్లాలకు ఎడంగా ఉన్న గుడ్డు టిక్కుమంది. పెంకు చుట్టూ గీత పడింది, టోపీలా ఊడింది, తడిసిన వత్తిలాంటి పిల్ల ఒకటి బయటపడి బోర్లా పడింది. మిగిలిన నాలుగూ తలా ఒక రంధ్రం చేసుకుని, ముక్కుకొనలు చూపించి, అక్కడితో ఆగిపోయాయి. మధ్యాహ్నమైనా అంతే.

"పిన్నీసు దే బిడ్డా, గీకి తీస్త" అంది మల్లవ్వ.

వెంకటేశం పెట్టెకు అడ్డంగా చేతులు చాచాడు. "బ్యాచ్ నడుస్తుంటె మూత దీయొద్దు! రంధ్రం జేసినంక పిల్ల రెస్టు దీసుకుంటది. పొరలున్న నెత్తురు, మిగిలిన సొన లోపలికి గుంజుకుంటది. గప్పుడే బయటికొస్తది."

ఇది అక్షరాలా సత్యం. కానీ ఆయన నోట వచ్చింది కనుక ఎవరూ నమ్మలేదు.

"రెస్టు సరే, ఇది సప్పుడే జేస్తలేదు" అంటూ అరుణమ్మ మూత ఎత్తి, ఒక గుడ్డు తీసి, పిన్నీసుతో చిన్న పెంకుముక్క లేపింది. కింది పొర మీద ఎర్రని చుక్క ఉబికింది. ఆమె పిన్నీసు పక్కన పడేసింది.

"అయ్యో, నెత్తురు!"

"చెప్పిన్నా లేదా? ఇంకా టైం గాలేదు!"

విజయకిరీటం ఆయన తలకు అంగుళం దూరంలో ఉండగా అరుణమ్మ గుడ్డును కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. "కోడి కింద పొర మెత్తగ, తడిగ ఉంటది కదా. ఇదేంది, కాల్చిన అప్పడం లెక్కున్నది?" గుడ్డును లోపల పెడుతూ జల్లెడ కిందికి చూసింది. "గివేంది?"

వెంకటేశం గొంతు సవరించుకున్నాడు. "అద్దం చెమట పడితె... జెర తేమ ఎక్కువైందేమోనని..."

"వారెవ్వా!" అంది మల్లవ్వ. "నీళ్ళు పోసినోడు నువ్వే, తాగెటోన్ని లోపల గూసోబెట్టినోడు నువ్వే!"

అరుణమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మాటిచ్చినవు" అంది మెల్లగా. "దాని పిల్లల్ని నా చేతుల పెడ్తనన్నవు."

వెంకటేశం ఆ క్షణాన శత్రువుతో సంధి చేసుకున్నాడు. పొట్లాలు పెరట్లోకి ఎగిరాయి. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డపీలికలు జల్లెడ మీదికి చేరాయి. మూత పడింది. అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంటే, ఇన్నేళ్ళుగా తాను పారద్రోలినవాడు తన ఇంట్లో పెద్దపీట వేసుకుని కూర్చోవడం ఆయన కళ్ళారా చూశాడు. పిన్నీసును తీసి తన జేబులో వేసుకున్నాడు.

టీ వేళకు పొర నానింది. ఒక గుడ్డు గిర్రున గీత గీసుకుంది. దాని వెనకే మరొకటి. మరికాసేపటికి పిన్నీసు దెబ్బ తిన్న వీరుడు తనంతట తానే పెంకు తన్ని, పగ ఏమీ పెట్టుకోకుండా అరుణమ్మ వైపు చూసి కీచుమన్నాడు.

చివరిది మిగిలింది. ముక్కు ఆడుతోంది, తల తిరగడం లేదు. పొర గోధుమరంగుకు తిరిగి ఈకలకు జిగురులా అంటుకుపోయింది. వెంకటేశం లైటు వేసి రంధ్రం చుట్టూ చూశాడు. ఎర్రని నరం ఒక్కటీ లేదు.

"ఇప్పుడు దీయొచ్చా?" అని అరుణమ్మ అడిగింది. పెళ్ళయ్యాక ఆమె ఆయన్ని సలహా అడగడం అదే మొదలు.

"ఇప్పుడు దీయొచ్చు."

ఆయన దూదిని గోరువెచ్చని నీటిలో ముంచి పొరను తడిపాడు. గోటితో బియ్యపు గింజంత పెంకు లేపాడు. ఎరుపు లేదని చూసుకుని మళ్ళీ తడిపాడు. శిల్పి విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు కూడా అంత భయపడి ఉండడు. తల విడిపోగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇగ గుంజు కొడకా!" అంది మల్లవ్వ.

"మిగిలింది దాని పనే పెద్దమ్మా. బొడ్డుకాడ ఇంకా పచ్చిగుంటె పానం మీదికొస్తది."

పెట్టెలో పెట్టి మూత వేశారు. పిల్ల తల వాల్చింది. ముగ్గురూ ఆవిరి పట్టిన అద్దానికి కళ్ళు ఆనించి చూశారు. చాలాసేపటికి అది ఒకసారి తన్నింది. ఇంకోసారి తన్నింది. పెంకు ఒకవైపు, అది ఒకవైపు పడ్డాయి.

తెల్లవారి అట్టపెట్టెలో, బల్బు వెచ్చదనంలో, అయిదూ ఆరి పత్తికాయల్లా ఉబ్బి ఉన్నాయి. వెంకటేశం చివరి పిల్లను తీసి అరుణమ్మ చేతుల్లో పెట్టాడు. అది ఆమె అరచేతిని, జొన్నలేమైనా ఉన్నాయా అన్నట్టు, టక్కున పొడిచింది.

"అచ్చం దాని తల్లే!" అని ఆమె పకపకా నవ్వింది. "సరె, మాట నిలబెట్టుకున్నవు. ఇగ నోరు దెరువు, రాత్రి సంది మూగోని లెక్కున్నవు."

పిల్లను పెట్టెలోకి దించారు. డ్యూటీ సంచి భుజానికి తగిలించుకుని వెంకటేశం అలవాటు కొద్దీ వంగాడు.

"ఆఁ, అందరు మంచిగున్నరా?"

అయిదు తలలూ ఒక్కసారిగా లేచాయి. గుడ్డులో ఉన్నప్పటి నుంచీ విన్న గొంతు అది. అయిదూ కీచుకీచుమంటూ, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, తూలుతూ, పడుతూ, ఆయన నిలబడ్డ వైపుకు పరుగెత్తుకొచ్చాయి. ఆయన పెట్టెకు అవతలి వైపు వెళ్ళి "సేఫ్టీ ఫస్టు" అన్నాడు. సభ యావత్తూ అటు తిరిగింది.

మల్లవ్వ గోడ మీద గడ్డం ఆనించి చూస్తోంది.

"ఓ అరుణా, కాళ్ళొచ్చినంక గూడ పోతలేరు గదనే!"