రాణిగారి బొట్టు

మా ఆవిడ కత్తెర పట్టిందంటే ఏదీ తిన్నగా తెగదు. రవికె గుడ్డైనా, కాగితమైనా మొదట బాగానే సాగి, చివరికొచ్చేసరికి కుడివైపుకి ఒరిగిపోతుంది. ధవళేశ్వరం కాలువల కచేరీలో నక్షాలు గీసేవాణ్ణి నేను. వంకర గీత చూస్తే ఒళ్లు మండుతుంది. "నీ చేతికిస్తే గోదావరిని కోరుకొండ ఎక్కిస్తావు బుల్లెమ్మా" అని వెక్కిరించేవాణ్ణి.

నాకున్న పిచ్చి తొలినాటి అరణా తపాలా బిళ్లలు. ఇంగ్లండు రాణిగారి నీలం బొమ్మను రాతి మీద గడి గడికీ ఎక్కించి, ఆ రాతి నుంచి పెద్ద కాగితపు తావులు అచ్చు వేసేవారు. ఎక్కించేటప్పుడు ఒక గడిలో మెడ గీత తెగేది, ఇంకో గడిలో జడ చెదిరేది. ఏ గడి లోపం ఆ గడిదే, ప్రతి తావులోనూ అక్కడే పడుతుంది. ఆ లోపాన్ని పట్టుకుని ఏ బిళ్ల ఏ గడిదో పోల్చడమే నా పని. సెలవు రోజు మధ్యాహ్నం కాలువ వెలుగు గది పైకప్పు మీద ఊగుతుంటే, మా నాన్న కంసాలి పనికి వాడిన భూతద్దం కంటికి ఆనించి కూర్చునేవాణ్ణి. కాసేపటికి బల్లా గోడా కరిగిపోయి, నీటి అడుగున ఒక నీలం వీధి కనిపించేది. ఇంటింటి గుమ్మంలోనూ ఒక రాణి. ఎవరిల్లు ఎక్కడో తెలిసినకొద్దీ ఆ వీధిలో నడుస్తున్నట్టే ఉండేది.

బుల్లెమ్మ దగ్గరా ఒక అరణా బిళ్ల ఉంది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. వాళ్లమ్మ వీరమ్మ ఆవిణ్ణి కని పురిట్లోనే పోయింది. బొమ్మ లేదు, చీర పేలిక లేదు, ఈ బిళ్లొక్కటే మిగిలింది. మామగారు తపాలా కచేరీ గుమాస్తా. ఆ రోజుల్లో బిళ్లల మధ్య చిల్లులుండేవి కావు. ఆయన తావులు ఇంటికి తెస్తే వీరమ్మ కూర్చుని కత్తిరించేదట. "అంతటి రాణి నుదురు బోసిగా ఉంటే ఏం బావుంటుంది" అంటూ నీలిమందులో పుల్ల ముంచి ఒక రాణికి బొట్టు పెట్టి దాచుకుందని బుల్లెమ్మకి అమ్మమ్మ చెప్పింది. రోజూ పొద్దున్నే బుల్లెమ్మ తను బొట్టు పెట్టుకుని, భరిణె అడుగున ఉన్న ఆ బిళ్లను చూసి మూత పెట్టేది. తల్లి చెయ్యి పడిన చోటు లోకంలో ఆవిడకి ఆ చుక్కొక్కటే.

ఒకసారి కోరంగి షావుకారింటి పాత కాగితాల్లో మూడు బిళ్లలు విడదీయకుండా దొరికాయి. భూతద్దం పెట్టాను. నడిమి రాణి నుదుట నీలం చుక్క ఉంది.

 కోరంగి బిళ్లకి వీరమ్మ బొట్టెలా పెడుతుంది? అది రాతి లోపం. దాచేద్దామని చెయ్యి చాచేలోగా బుల్లెమ్మ మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, అలాగే ఆగిపోయింది.

"ఈవిడకెవరు పెట్టారండీ?"

అబద్ధం నోటికి రాలేదు. విషయం చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి భరిణె తెచ్చి తన బిళ్లను నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లలో మొదటిసారి. అదే చుక్క, అదే చోటు.

"రాతిదే" అన్నాను.

"అయితే అమ్మ చెయ్యి దీనిమీద పడనే లేదన్నమాట."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది. నా పిచ్చిమీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ మొహం చూడలేక మళ్లీ భూతద్దంలోకి తల దూర్చాను.

అప్పుడు అంచులు కనిపించాయి. ఎవరైనా రెండు బిళ్లల నడుమ ఖాళీలో కత్తిరిస్తారు. ఇది అలా లేదు. ఎడమ రాణి మెడలో ముక్క, కుడి రాణి చట్రంలో ముక్క, పైదీ కిందదీ కూడా కొంచెం కొంచెం కలిసి వచ్చాయి. ఈ బొట్టు రాణికి గీటు తగలకూడదని చుట్టూ ఉన్న నలుగురినీ చెడగొట్టారు. కోరంగి బిళ్లల పక్కన పెట్టి చూస్తే మెడ దగ్గర మెడ, చట్రం దగ్గర చట్రం సరిపోయాయి. గడి తేలింది. నాకప్పుడు గడి ధ్యాసే లేదు.

"బుల్లెమ్మా, మీ అమ్మ బొట్టు పెట్టలేదు. బొట్టున్న రాణిని చూసి ఏరుకుంది. ఈ అంచు చూడు."

భూతద్దం ఆవిడకిచ్చాను. నుదుటి మీంచి కదిలి ఆవిడ చూపు అంచు వెంట నెమ్మదిగా దిగింది. కత్తెర పైనుంచి తిన్నగా వచ్చి, చివర్లో కుడివైపుకి ఒరిగింది. నాలుగు వైపులా అంతే.

 కాలువ వెలుగు ఆవిడ చేతుల మీద ఊగుతూనే ఉంది.

"ఏమండీ, ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

నా నక్షా కాగితం అంచు ఒకటి కత్తిరించి, బిళ్ల పక్కన పెట్టింది. రెండూ ఒకేచోట ఒరిగాయి.

"ఇంక నన్ను వెక్కిరించకండి" అంది, కళ్లు తుడుచుకుంటూ. "ఇది మా అమ్మ చెయ్యి."