కళ్ళు మూసుకున్న పది నిమిషాలు

తను ఆమేన్ అనకముందే డోలక్ వాయించే యేసుబాబు పోయాడా, అన్న తరవాత పోయాడా, పదకొండేళ్ళుగా ఇశ్రాయేలుని వదలని ఈ సందేహం సరిగ్గా ఇప్పుడే రావాలా, చర్చి హాల్లో చాప మీద మోకాళ్ళేసుకుని, గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం నేర్పేందుకు తెచ్చిన, నడుం దాకా మాత్రమే ఉన్న రబ్బరు బొమ్మ రొమ్ము మీద రెండు చేతులూ వేసినప్పుడే, ఎడమ మోకాలు పొద్దున్నుంచి కలుక్కుమంటోంది, పైన ఫ్యాను గాలి మానేసి మూలుగుతోంది, ఇంకా గట్టిగా అంకుల్, అంటోంది వినీల, పెద్దాస్పత్రిలో నర్సు ఇప్పుడు, ఒకప్పుడు ఇదే హాల్లో సండే స్కూల్లో తనకి వాక్యాలు అప్పజెప్పిన పిల్ల, ఇంకా గట్టిగా చెప్పమ్మా అని అప్పుడు తను అనేవాడు, ఇప్పుడు దాని వంతు, రెండంగుళాలు దిగాలి అంకుల్, దిగితే టిక్కుమంటుంది, టిక్కుమనదే, వన్ టౌన్ పప్పుల గోడౌన్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా బస్తాలు లెక్కపెట్టిన చేతులివి, మోసిన చేతులు కావు, అదే కాబోలు లోటు, ఏడు, ఎనిమిది, అంకుల్, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

నిజమే, మూతపడ్డాయి, పడుకున్న మనిషి మీద చెయ్యి పెడితే చాలు ఇశ్రాయేలు కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి, సంఘ పెద్దగా పాతికేళ్ళ అలవాటు, జ్వరం పిల్లల మీద, ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళ మీద, ఆఖరికి కొత్తగా కొన్న ఆటో మీద కూడా అలాగే చెయ్యేసి ప్రార్థించాడు, ఛాతీ చూడాలి అంకుల్, లేస్తోందో లేదో, చూడకపోతే ఎలా తెలుస్తుంది, అంది వినీల, మామూలుగానే అంది, అయినా ఆ మాట వచ్చి తగలాల్సిన చోటే తగిలింది, ఎలా తెలుస్తుంది, పదకొండేళ్ళ కిందట ఇదే హాల్లో, ఆరాధన మధ్యలో, యేసుబాబు డోలక్ వాయిస్తూ వాయిస్తూ పక్కకి ఒరిగిపోయాడు, డోలక్ దొర్లుకుంటూ వెళ్ళి ప్రసంగ బల్ల కాలికి తగిలి ఆగింది, జనం మూగారు, ఒకరు అరికాళ్ళు రుద్దారు, ఒకరు చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఒకరు నోట్లో నీళ్ళు పోస్తే చెంప మీంచి కారిపోయాయి, 108కి ఫోన్ చేశారు, అది తోపుడు బళ్ళ మధ్య సందు మొదట్లోనే ఇరుక్కుపోయింది, అప్పుడు తను చెయ్యెత్తి, అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేద్దాం అన్నాడు, అందరూ మూసుకున్నారు, డెబ్భై మంది, యేసుబాబు వంక చూస్తున్న కన్ను ఆ హాల్లో ఒక్కటి లేదు, తన నోరు మాత్రం యోబునీ దావీదునీ తలుచుకుంటూ సాగిపోయింది, ఎంతసేపు, పది నిమిషాలుంటుందా, ఎంత మంచి ప్రార్థన చేశారండీ అని తరవాత మెచ్చుకున్నారు కూడా, ఆ మెప్పు ఇవాళ్టికీ గొంతులో చేపముల్లు, దేవుడు వినలేదనే ధైర్యం తనకి లేదు, అలా అనుకోడు కూడా, కానీ కాటా ముల్లు చూడకుండా గోడౌన్లో ఒక్క బస్తాకైనా తూకం రాశాడా తను, లేదే, మరి మనిషి దగ్గర ఎందుకు చూడలేదు.

యేసుబాబు జ్ఞాపకార్థ కూడిక రోజున అతని భార్య సువార్తమ్మ గుమ్మం పక్కన నిలబడి అడిగింది, అన్నయ్యగారూ, మీరు ప్రార్థన మొదలెట్టేటప్పటికి ఆయనకి ఊపిరి ఉందాండీ, చెప్తానమ్మా, ముందు కాస్త ఎంగిలిపడు, అన్నాడు తను, చెప్పలేదు, ఆమె మళ్ళీ అడగలేదు, ప్రతి ఆదివారం వందనాలండీ అన్నయ్యగారూ అంటుంది, వందనాలమ్మా అని తను వంగి చెప్పులు వెతుక్కుంటాడు, ఎవరికీ ఏదీ బాకీ లేనని సాక్ష్యం చెప్పుకునే పెద్దమనిషి.

ఇద్దరిద్దరు చెయ్యాలి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి, అంది వినీల, అన్నయ్యగారితో నేనుంటాలే అంటూ ఇంకెవరో కాదు, సువార్తమ్మే కొంగు బొడ్లో దోపుకుని వచ్చి కూర్చుంది, మోచేతులు వంచకుండా నొక్కింది, టిక్కు, టిక్కు, టిక్కు, మొదటిసారికే, భలే చేస్తున్నారే ఆంటీ, అంది వినీల, రోట్లో పచ్చడి దంచే చెయ్యమ్మా ఇది, మిక్సీల వాళ్ళకేం తెలుస్తుంది, హాలంతా నవ్వింది, ఇశ్రాయేలుకి ఒళ్ళు మండింది, గంట నుంచి తనకి పలకని బొమ్మ ఆవిడకి ఎలా పలుకుతుంది, ఆ మంట చల్లారకముందే ఇంకోటి తట్టింది, ఈ చేతులు ఆ రోజు కూడా ఈ హాల్లోనే ఉన్నాయి, ఆడవాళ్ళ వైపు చాప మీద, యేసుబాబుకి నాలుగడుగుల దూరంలో, వాటిని జోడించి కళ్ళు మూసుకోమని చెప్పింది తనే.

ఇక మీరందుకోండి అన్నయ్యగారూ, అని ఆమె పక్కకి జరిగింది, అందుకున్నాడు, ఒకటి, రెండు, పలకలేదు, మూడు, అమ్మా, ఆ రోజు నన్నొకటి అడిగావు, నాలుగు, ఆయనకి ఊపిరి ఉందా అని, ఐదు, నేను చూడలేదమ్మా, కళ్ళు మూసుకున్నాను, ఉందో లేదో నాకు తెలీదు, ఉండే ఉంటుందేమో, చెప్తానని చెప్పలేదు, సువార్తమ్మ చూపు బొమ్మ ఛాతీ మీదే ఉంది, నేనూ మూసుకునే ఉన్నానండీ, మీరు మూసుకోమన్నారని, అంది, ఆ గొంతులో కోపం ఉంది, అది ఈనాటిది కాదు, అయినా అరవలేదు, లేచి వెళ్ళలేదు, ఆపకండి అన్నయ్యగారూ, చెయ్యి తియ్యకుండా బరువు వదలండి, మళ్ళీ నొక్కండి, నేను లెక్కపెడతా, అంది, ఇశ్రాయేలు నొక్కాడు, ఇన్నేళ్ళూ దేవుణ్ణి అడగాల్సిన ప్రశ్న అనుకుని మోసింది ఈ మనిషికి చెప్పాల్సిన జవాబు, అంతే, చెప్పేశాడు, ఇరవై ఒకటి, అంది సువార్తమ్మ, టిక్కుమంది, కళ్ళు మంటపెడుతున్నాయి, నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఇశ్రాయేలు వాటిని మూయలేదు.