అడ్డుతెర మీది వెలుగు

నేను ఒక ఫ్లాష్‌ని. కెమెరా నెత్తిన కూర్చుని, వెలుతురు చాలనిచోట రెప్పపాటు పగలు తెప్పించే వస్తువుని. సబ్బుపెట్టె అంత ఉంటాను. అందుకే నన్ను చులకనగా చూసినవాళ్లే ఎక్కువ. వాళ్లందరి ముందూ తలెత్తుకుని నిలబడ్డ రోజు ఒకటుంది నాకు. ఆ రోజు గురించి గొప్పగా చెప్పుకోవాలనే నోరు విప్పాను.

నేను పుట్టింది సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో. నుదుట ఒక గాజు గొట్టం పెట్టారు. కడుపులో కరెంటు దాచుకునే ఏర్పాటు చేశారు. అడుగున చిన్న చిన్న లోహపు చుక్కలు అమర్చారు. ఆ చుక్కలే నా నోరూ, చెవులూ. కెమెరా మీద కూర్చోగానే వాటితోనే మాట్లాడతాను. ఎంత వెలుగు కావాలని నేనడుగుతాను, ఇంత చాలని అది చెబుతుంది. అయితే నాకు ఒక్క కంపెనీ కెమెరాల భాషే వచ్చు. మిగతావాటి దగ్గర నేను చెవిటిదాన్ని.

ఈ సంగతి మనుషులకి పట్టదు. విజయవాడలో ఒక కెమెరా కొట్టు అద్దాల బీరువాలో కూర్చుని చూశాను కదా, వాళ్లకి ఫ్లాష్ కొనడమంటే గుమ్మడికాయ కొనడమే. నా పక్కన బొద్దుగా ఒక పెద్ద ఫ్లాష్ ఉండేది. వచ్చినవాళ్లంతా దాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి మురిసిపోయేవారు. మన కెమెరాకి ఇది పడుతుందా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

నన్ను మొదట కొన్నాయన ప్లాట్లు అమ్మే సత్తిపండుగారు. జేబులో పడుతుందని కొన్నాడు. ఇంటికి తీసుకెళ్లి వేరే కంపెనీ కెమెరా మీదికి నన్ను బలవంతాన తోశాడు. అదేం చెబుతోందో నాకు తెలియలేదు. తెలియక, ఉన్న బలమంతా ప్రతిసారీ ఒక్కసారే విసిరేశాను. ఆయన ఫొటోల్లో చుట్టాలందరూ సున్నం కొట్టిన గోడల్లా వచ్చారు. మర్నాడే కొట్టుకి తెచ్చి నన్ను బల్ల మీద పడేశాడు.

"ఇది ఫ్లాషా, పిడుగా? నా మొహం నాకే కనపళ్లేదయ్యా!" అన్నాడు.

తప్పు ఎవరిదో కొట్టువాడికి తెలుసు. అయినా బేరం పాడుచేసుకోవడం ఎందుకని నన్ను తీసి వెనక వరసలో పెట్టాడు. అక్కడ దుమ్ము కొట్టుకుపోతూ ఉన్నాను. నాకు చాలా రోషంగా ఉండేది.

అలా ఉండగా తణుకు నుంచి హైమవతి వచ్చింది. అక్కడ ఆమె మేనమామ సూరన్నకి ఫొటో స్టూడియో ఉంది. ఆయన ఫిల్ము కెమెరాల కాలం మనిషి. కళ్లు మసకబారి పని మానేశాక, డిజిటల్ కెమెరా కొనుక్కుని హైమ దాన్ని నడుపుతోంది. కానీ ఆమె తీసిన మొదటి పెళ్లి అల్లరిపాలయింది. కెమెరాకి పుట్టుకతో ఉన్న చిన్న లైటునే నమ్ముకుంటే, పెళ్లికొడుకు కళ్లు నిప్పుకణికల్లా వచ్చాయి. మగపెళ్లివారు ఆల్బమ్ తిప్పి పంపారు.

"ఇంకో పెళ్లి చూత్తానే అమ్మడూ," అన్నాడట సూరన్న. "అదీ ఇలాగే తగలడితే స్టూడియో ఫోన్ రీచార్జులోళ్లకి అద్దెకిచ్చేత్తాను." పైగా బీరువాలోంచి తన పాత ఫ్లాష్ తీసి ఇచ్చాడు. "ఇది నన్ను ఇన్నాళ్లూ పోషించింది. కొత్తదెందుకే?"

"అది ఫిల్ము కెమెరాలకి చేసింది మావయ్యా. దాని అడుగు నుంచి వచ్చే కరెంటుకి నా కెమెరా మాడిపోద్దండి," అందామె. ముసలాయన అలిగి భోజనం మానేశాడట. ఇదంతా తర్వాత స్టూడియోలో విన్న కథ.

కొట్టువాడు అలవాటుగా బొద్దు ఫ్లాష్ తీసి చూపించాడు. హైమ దానివైపు చూడనేలేదు. సంచిలోంచి తన కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. "ముందు దీనికి పడేవేయో చూపించండి," అంది. వెతగ్గా వెతగ్గా నేను దొరికాను. నన్ను తిరగేసి అడుగున చుక్కలు చూసింది, కెమెరా నెత్తిన చుక్కలు చూసింది, మెల్లగా జరిపి బిగించింది. అంతే! పుట్టాక మొదటిసారి ఒక కెమెరా నా భాషలో నన్ను పలకరించింది. నా వీపున పచ్చదీపం వెలిగింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"తల పైకి తిరుగుద్దా అండీ?" అని అడిగి తనే తిప్పి చూసుకుంది. తిన్నగా కొట్టిన వెలుగు మొహాన్ని మాడుస్తుంది. తెల్లటి కప్పుకి కొట్టి కిందికి దింపితే మెత్తగా పడుతుంది. అది తెలిసిన మనిషి చేతిలో పడ్డానని నాకు ధైర్యం వచ్చింది.

ఆ రెండో పెళ్లి కోమలి అనే అమ్మాయిది. పగటి ముహూర్తం, ఇంటిముందే పందిరి. పందిరి కింద అడుగుపెట్టగానే నా ధైర్యం కాస్తా నీరుగారిపోయింది. కప్పంతా ఎర్ర బట్టల షామియానా. హైమ నా తల పైకి తిప్పి ఒకటి తీసి చూస్తే, పెళ్లికూతురి మొహం కారం పూసినట్టు వచ్చింది. తిన్నగా కొడితే నుదుటి చెమటా, చీర జరీ తళతళలాడి మొహం పాలిపోయింది. పని చూద్దామని వెంటొచ్చిన సూరన్న, వెనక నుంచి కెమెరా దగ్గరికి వంగి అన్నీ చూస్తున్నాడు.

"పాతదే వాడమని నే చెబితే విన్నావా?" అన్నాడు.

హైమ పందిరంతా కలియజూసింది. కాసేపట్లో జీలకర్రా బెల్లం పెడతారు, అడ్డుతెర తీస్తారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు మళ్లీ ఒకసారి చూడమనడానికి లేదు. అది పోతే స్టూడియో కూడా పోయినట్టే.

అప్పుడు ఆమె చూపు అడ్డుతెర మీద ఆగింది. కొత్త గుడ్డ. మధ్యలో చిన్న కుంకుమ స్వస్తిక్ తప్ప అంతా తెలుపే.

"పంతులుగారూ, తెర కిందికి దించకుండా పైకెత్తితే తప్పా అండీ?"

పంతులుగారు ఆమెనీ కెమెరానీ మార్చి మార్చి చూశారు. "అడ్డు తొలగాలి తల్లీ. ఎటు తొలిగితే ఏం? ముహూర్తం మాత్రం దాటనివ్వకు."

తెర ఒక కొస పట్టుకున్నాయన పొడగరే. రెండో కొస పట్టుకున్నాయన మరీ పొట్టి.

"మావయ్యా, ఆ కొస మీరు పట్టుకోండి," అంది హైమ.

"నేనా?"

"మీ అంత ఎత్తు ఇక్కడ ఎవరికుందండీ?"

సూరన్న గొణుక్కుంటూనే వెళ్లి పట్టుకున్నాడు. గట్టిమేళం మోగింది. చేతులు తలల మీద పడ్డాయి. తెర పైకి లేచింది, అడ్డంగా పరుచుకుని వధూవరుల నెత్తిన తెల్లటి కప్పై నిలిచింది. కోమలి కళ్లెత్తింది.

కెమెరా అడిగినంతా ఇచ్చాను. నా వెలుగు పైకెళ్లి ఆ తెల్లగుడ్డని తాకి, వాళ్లిద్దరి మొహాల మీదికి మెత్తగా దిగింది. ఎరుపు లేదు, తళుకు లేదు. కోమలి సిగ్గూ, అబ్బాయి కంగారూ ఉన్నవి ఉన్నట్టు వచ్చేశాయి. గెలిచాం! పిడుగన్నవాణ్ణి పిలిచి చూపించాలనిపించింది.

"ఇక దించండి బాబూ," అన్నారు పంతులుగారు. సూరన్న దించలేదు.

"ఏవైందే? పడిందా?"

హైమ కెమెరా తీసుకెళ్లి ఆయన కళ్లకి దగ్గరగా పెట్టింది. చేతులు పైనే ఉంచుకుని చాలాసేపు చూశాడు.

"ఇంకోటి తియ్యమ్మడూ. నా చెయ్యేం నొప్పెట్టట్లేదులే."

ఆ తర్వాత రీచార్జువాళ్లు అద్దె మాట్లాడదామని వస్తే, "ఖాళీ లేదు బాబూ, ఇది మా హైమ స్టూడియో," అని గుమ్మంలోంచే పంపేశాడు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నిటికీ తిరిగాను. ఇప్పుడు నా బ్యాటరీల మూతకి రబ్బరుబ్యాండు వేశారు. పని కొత్త ఫ్లాష్ చేస్తోంది. సూరన్న పాత ఫ్లాష్ పక్కనే అద్దాల బీరువాలో కూర్చున్నాను. ఎవరైనా వచ్చి ఏ ఫ్లాష్ కొనమంటారని అడిగితే, "ముందు మీ కెమెరా తీసుకురండి," అంటాడు సూరన్న, అది తను కనిపెట్టిన సత్యమైనట్టు.

మా ఎదురుగా గోడ మీద కోమలి పెళ్లి ఫొటో నిలువెత్తున ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా వెళ్లరు. అంతా బాగుందంటూనే ఒక వంక పెడతారు. పైమూలన ముడతల చెయ్యి ఒకటి అడ్డొచ్చిందే, కోసెయ్యలేకపోయారా అంటారు.

"కోస్తే వెలుగెలా వచ్చిందో తెలవదండి," అంటాడు సూరన్న. "ఆ చెయ్యి నాదే."