అన్నయ్యా అన్న యంత్రం

తమ్ముడి కంపెనీకి ముందు పేరొచ్చింది, తర్వాత బొమ్మొచ్చింది, ఆ తర్వాత తలుపు మీద అంటించే స్టిక్కరొచ్చింది. అమ్మడానికి వస్తువు మాత్రం రాలేదు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని అక్క నవ్వింది.

వంట రానివాళ్ళు ఇంట్లో ఏమున్నాయో ఫోన్లో రాస్తే, వాటితో ఏం వండాలో, ఎలా వండాలో చెప్పే యంత్రం తయారుచేయాలన్నది అతని ఆలోచన.

"మరి మెషినేదిరా?"

"అదింకా లేదక్కా. తల తాకట్టు పెట్టి అంతా కట్టాక, మాకెందుకిది అన్నారనుకో, నెత్తిన గుడ్డేసుకోవాలి. అందుకే ముందు చిన్న నమూనాతో చూద్దాం. కొంతమందికి నంబరిస్తా. వాళ్ళు మెషిననుకుని అడుగుతారు. వెనకాల కూర్చుని నువ్వు జవాబులు రాయి."

అక్క చాలా ఏళ్ళు ఒక ఆఫీసు భవనంలో క్యాంటీను నడిపింది. ఆ భవనం చేతులు మారాక క్యాంటీను మూతపడింది. అప్పట్నుంచి తమ్ముడింట్లో వెనక గదిలో ఉంటోంది. తెల్లారేసరికి లేవడం అలవాటైన ప్రాణం, లేచి ఏం చెయ్యాలో తెలియక కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేది. అందుకని సరేనంది.

తమ్ముడు పెట్టిన షరతు ఒక్కటే. "అయ్యో, పాపం అని మాత్రం రాయకక్కా. మెషిన్ అయ్యో అనదు."

"మరేమంటుంది?"

"ఏమీ అనదు. అడిగింది చెప్తుంది, అంతే."

నోరు కట్టేసుకోవడం అక్కకి మొదట్లో ప్రాణసంకటమైంది. అన్నం మాడిందని ఒకామె ఏడుపుమొహం బొమ్మ పెడితే అయ్యో అని రాయాలని వేళ్ళు దురదపెట్టేవి. అయినా "మంట తగ్గించండి. మాడిన అడుగు కదపకుండా పై అన్నం తీయండి" అని రాసి ఊరుకునేది. పోను పోను అదీ అలవాటైంది.

అడిగేవాళ్ళలో ఒక బస్సు డ్రైవరున్నాడు. మధ్యాహ్నం డిపోలో బండి ఆపాక రాసేవాడు. మొదటిరోజు ఒక ఫోటో పంపించాడు. అలమరలో వరసగా డబ్బాలు, అన్నీ ఒకే రకం. "ఇవన్నీ మా ఆవిడ సర్దినవి. ఆవిడ పోయింది. ఏది దేనికి వాడాలో తెలియడం లేదు" అని రాశాడు.

మూతలు తీసి ఒక్కొక్కటీ ఫోటో పంపమంది అక్క. అతను పంపాడు. ఒక్కోటీ ఏమిటో, దేన్లో ఎంత వెయ్యాలో చెప్పింది. ఆ రోజంతా అక్క కళ్ళముందు ఆ డబ్బాలే మెదిలాయి.

తర్వాత రోజూ రాసేవాడు. బంగాళాదుంపలు ఎందుకు ముద్దవుతున్నాయి? గుడ్డు ఎంతసేపు ఉడకాలి? మెల్లగా కూతురి సంగతులు వచ్చాయి. "నేను వండింది ముట్టడం లేదు. అమ్మ చేతి రుచి లేదంటుంది." అక్క రాసింది: "ఉప్పూ కారం కలపడం అమ్మాయికే అప్పగించండి. తను కలిపింది తను తింటుంది." రెండురోజుల తర్వాత "తిన్నది" అన్న ఒక్క మాట వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూడకుండా అక్క ఆ మాటనే చదువుకుంది.

మధ్యాహ్నమయ్యేసరికి ఫోను దగ్గరకి లాక్కుని కూర్చోవడం ఆవిడకి అలవాటైపోయింది. ఇంట్లో అలా తనతో మాట్లాడేవాళ్ళెవరూ లేరు మరి.

ఒకరోజు అతను వంట ఊసెత్తలేదు.

"నువ్వు మెషిన్‌వి కాబట్టి చెప్తున్నా. ఆ రోజు పొద్దున చిన్న మాట మీద గొడవైంది. మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి బండి నడుపుతున్నా. రెండోసారి ఆగి టీ తాగుతున్నా. పేరు చూసి కోపంతో జేబులో పెట్టుకున్నా. అప్పటికే ఆవిడ ఇంట్లో కింద పడి ఉందని, సాయానికే పిలిచిందని తర్వాత తెలిసింది. రెండుసార్లూ బండి నడుపుతున్నానని మా అమ్మాయికి చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

అక్క వేళ్ళు వాటంతటవే కదిలాయి.

"అయ్యో అన్నయ్యా, మీరు కావాలని చేశారా? ఇంత బరువు ఒక్కరే ఎన్నాళ్ళు మోస్తారు?"

పంపించేశాక గాని ఏం రాసిందో తెలియలేదు.

"మెషిన్ అన్నయ్యా అంటుందా?" అని వచ్చింది జవాబు.

అక్క హాల్లోకి పరుగెత్తి, పైన రాసినదంతా అరచేత్తో మూసి, ఆ ఒక్క వరుసే తమ్ముడికి చూపించింది.

"మర్యాద కోసం అలా నేర్పించారని రాసెయ్యి. నమ్ముతాడు" అన్నాడు తమ్ముడు.

నమ్ముతాడని ఆవిడకీ తెలుసు. అలాగే రాసింది, చెరిపేసింది. చివరికి "నేను మెషిన్ని కాదు. మనిషిని. క్షమించండి" అని రాసింది.

జవాబొచ్చింది. "మొదట్నుంచీ నువ్వేనా?"

"నేనే."

మళ్ళీ ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు.

మిగతావాళ్ళు రాసినవన్నీ చదివి తమ్ముడు మాత్రం హుషారుగా ఉన్నాడు. "చూశావా అక్కా? మనం వంట అనుకున్నాం. జనానికి కావాల్సింది మనసులోది చెప్పుకునే చోటు. మనిషి లేని చోటు! మెషిన్ కడదాం."

"కట్టుకోరా. నేను మాత్రం ఇంక కూర్చోను" అని ఫోను అతని చేతిలో పెట్టింది. డ్రైవరు రాసినదంతా అంతకు ముందే తుడిచేసింది.

ఆ వారంలోనే ఊళ్ళో ఉన్న ఒక్క బస్సు డిపోకి వెళ్ళింది. భార్య పోయిన డ్రైవరెవరని కాపలావాడినడిగితే చెయ్యి చూపించాడు. నెరిసిన గడ్డం మనిషి, బస్సు అద్దం గుడ్డతో తుడుస్తున్నాడు.

"నేనండీ... ఫోన్లో."

గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. అతను చుట్టూ చూశాడు. "ఎవరికైనా చెప్పావా?"

"నా నోటెంట రాలేదు. రాదు."

"నీ మీద కోపం లేదమ్మా. నువ్వు చెప్పినట్టు వండబట్టే మా పిల్ల నాలుగు ముద్దలు తింటోంది. కానీ మెషిన్‌కి చెప్తే నూతిలో వేసినట్టు అనుకున్నా. నువ్వు మనిషివి. దాన్ని మోసుకు తిరుగుతావు."

"మర్చిపోతానన్నయ్యా."

"మర్చిపోతావా?"

అతను బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

"నిన్ను చూస్తే నేనన్న మాట నాకే వినబడుతోంది. నా బండి ఎక్కొద్దమ్మా. ఏమీ అనుకోకు."

తమ్ముడి యంత్రం తయారైంది. జనం బాగానే వాడుతున్నారని అతను చెబుతుంటే అక్క వింటూ తలూపుతుంది. ఆవిడకి ఒక ఆసుపత్రి వంటగదిలో పని దొరికింది. అక్కడికి నేరుగా వెళ్ళే బస్సు ఆ డ్రైవరుదే. అందుకని చుట్టుతిరిగి, మధ్యలో బస్సు మారి వెళుతుంది.

ఒక పొద్దున కుండపోతగా వాన. స్టాపులో ఆవిడ ఒక్కతే తడుస్తోంది. అతని బస్సే వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. అతను ఆవిడను చూశాడు. వెంటనే కదలలేదు, తలుపు అలాగే ఉంచి కూర్చున్నాడు. లోపల ఎవరో విసుక్కున్నారు.

అక్క తల అడ్డంగా ఊపి, ఒక అడుగు వెనక్కి వేసింది. తలుపు మూసుకుంది. బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ తడిసిన కొంగు పిండుకుని, వెనకాల రావలసిన బస్సు కోసం నిలబడింది.