రెండో గొంతు

మధ్యాహ్నం పన్నెండు కాగానే కింద లాండ్రీలో ఆరు యంత్రాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయి. పనివాళ్లు అన్నం డబ్బాలు తెరుస్తారు. అప్పటినుంచి రెండింటి దాకా పై గదిలో రోడోరా రికార్డింగు చేస్తుంది. రెండు దాటి యంత్రాలు మళ్లీ తిరిగితే నేల వణుకుతుంది, ఆ వణుకు మైకులోకి ఎక్కుతుంది. అందుకని నవోతాస్ రేవు ఊళ్లో ఆ గదికి వచ్చే పాటగాళ్లు భోజనం వేళను వదులుకుంటారు, లేదా వేయించిన ఎండుచేప, అన్నం పొట్లం కట్టుకొచ్చి వంతు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని తింటారు.

గది పదడుగులు కూడా ఉండదు. గోడలకు పాత పరుపులు, గుడ్ల అట్టలు. మూలన మైకు ఉన్న చిన్న అర, దానికి దుప్పటి తెర. తలుపు మీద రోడోరా చేత్తో రాసి అంటించిన కాగితం: "డబుల్‌కు బాధ్యత నాది కాదు."

డబుల్ అంటే, పాడినదాన్నే అదే తాళంలో ఇంకోసారి పాడి మొదటిదాని మీద పరవడం. రెండూ సరిగ్గా కూర్చుంటే గొంతు నిండుగా వినిపిస్తుంది. ర్యాప్ చేసేవాళ్లకు అది లేకపోతే పని జరగదు. అయితే ఈ గదిలో రెండోసారి పాడితే, పెదవులు ఏం పలికినా, మొదటిసారి వదిలేసిన మాట రికార్డవుతుంది. గది మొదలైనప్పటినుంచీ అంతే. పెళ్లిళ్లలో పాడే ఒకాయన భార్య మీద కట్టిన పాటకు డబుల్ చేస్తే అందులో ఇంకో ఆవిడ పేరు వచ్చింది. "ఒంటి గొంతు చాల్లే అమ్మాయ్," అని ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. చేపల సాస్ ప్రకటన చదవడానికి వచ్చినతని రెండో గొంతు, "సగం ఉప్పునీళ్లే," అంది. ఆ ప్రకటన కూడా ఒంటి గొంతుతోనే బయటికి వెళ్లింది. ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. ఒక బస్సు ఎడమవైపుకి లాగుతుందని డ్రైవరుకు తెలిసినట్టు తెలుసు, అంతే.

మార్చిలో డెల్ఫిన్ ఆ మెట్లెక్కాడు. వయసు పాతికేళ్లు. ఊళ్లో అతన్ని కుట్సిల్యో అంటారు, అంటే వంటింటి కత్తి. ఇద్దరు ర్యాపర్లు ఎదురెదురుగా నిలబడి ప్రాసలో తిట్టుకునే పోటీల్లో అతనికి మంచి పేరు. ఎదుటివాడి చెప్పుల దగ్గర మొదలుపెట్టి వాడి తల్లిదాకా వెళ్తాడు, జనం కుర్చీలెక్కి అరుస్తారు. ఇప్పుడు తిట్లు మానేసి తన గురించి ఎనిమిది పాటలు చేస్తానని వచ్చాడు. వెనక ఏ కంపెనీ లేదు. బీట్లు తనే కట్టుకున్నాడు, నెమ్మదిగా, చర్చి ఆర్గన్ లాంటి మోతతో.

రోడోరా అతన్ని కూర్చోమనలేదు.

"మా అమ్మకి అగ్గిపుల్ల అని పేరు పెట్టింది నువ్వే కదా," అంది.

"నేనే అక్కా."

"ఆ పోటీ వీడియో నేను అప్పట్లో పనిచేసిన ఫ్యాక్టరీలో కూడా చూశారు. నా ముందే నవ్వారు."

"తెలుసు."

"తెలిసీ వచ్చావా. సరే, లోపలికి పో. చెప్పులు బయట విడువు."

సంగతి ఇది. ఆరేళ్ల కిందట కవాయన్ సందులో నలభై మూడు ఇళ్లు కాలిపోయాయి. ప్రాణాలు పోలేదు, మిగతావన్నీ పోయాయి. రోడోరా తల్లిని ఊళ్లో మర్యాదగా ఆలింగ్ కోరింగ్ అంటారు. ఆవిడ కరెంటు పోయిన పూట దేవుడి ముందు కొవ్వొత్తి పెట్టి మర్చిపోయిందని, మంట అక్కడే పుట్టిందని సందంతా నమ్మింది. ఆవిడా నమ్మింది. పక్క ఊరు మలబోన్‌లో చెల్లెలి ఇంటి వంటగది మూలన ఉంటోంది. ప్రతి శుక్రవారం చర్చికి వెళ్లి ఫాదర్ దగ్గర అదే పాపం ఒప్పుకుంటుంది. "క్షమించాను అని చెప్పాను కదమ్మా, ఇంక వేరేది ఏదన్నా ఉంటే పట్రా," అని ఆయన విసుక్కున్నాడు కూడా.

కాలిన స్థలంలో ఇప్పుడు వరస ఇళ్లు లేచాయి. జాబితాలో కోరింగ్ పేరుంది. మే నెల రెండో ఆదివారం కుటుంబ పెద్ద స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఇల్లు తర్వాతి పేరుకు వెళ్తుంది. కోరింగ్ పెట్టనంది. "నేను తగలబెట్టిన చోట నాకే ఇల్లా? సిగ్గుండాలి," అంది. రోడోరా రెండు నెలలుగా బతిమాలుతోంది.

మొదటి రోజు డెల్ఫిన్ డబుల్ చెయ్యనన్నాడు.

"నాది ఒంటి గొంతు స్టైలు అక్కా."

"స్టైలు కాదు, భయం. నీ గొంతు తడిసిన కాగితంలా ఉంది. వేలు పెడితే చిరిగిపోతుంది. తిట్టుకోవడానికి సరిపోతుంది, ఇలాంటి పాటలకి సరిపోదు."

చేశాడు. మొదటి పాట ఓడలో పనికి వెళ్లి తిరిగి రాని తండ్రి గురించి. "ఒక్క ఉత్తరం ముక్క లేదు," అని పాడాడు. రెండో గొంతు, "పార్సిళ్లు వచ్చాయి, విప్పకుండా అమ్ముకున్నాను," అంది. రోడోరా మళ్లీ వినిపించింది. అతను మెట్ల మీద కూర్చుని ఆ చరణం కొట్టేసి పార్సిళ్ల సంగతి రాసుకొచ్చాడు. ఈసారి రెండు గొంతులూ అక్షరం తేడా లేకుండా కలిశాయి. గదిలో ఇంకెవరో పెద్దమనిషి పాడినట్టు వినిపించింది. అది తనేనని నమ్మడానికి డెల్ఫిన్‌కు కాసేపు పట్టింది.

అలా ఏడు పాటలయ్యాయి. తిట్ల పోటీల్లో అతని వెంట తిరిగినవాళ్లు రెండు పాటలు విని, "కత్తికి తుప్పు పట్టిందిరా," అని వెక్కిరించారు. అతను వాళ్లకు బదులు చెప్పలేదు. వెనకటి డెల్ఫిన్ అయితే ఆరు పంక్తుల్లో వాళ్ల ఇంటిల్లిపాదినీ కడిగేసేవాడు.

ఎనిమిదోది అగ్గి పాట. దాన్ని ఒంటి గొంతుతో పాడి మూడు వారాలు తప్పించుకు తిరిగాడు. తర్వాత ఒకరోజు అతనికి ధైర్యం వచ్చింది. పాటలో మంట ఎలా పుట్టిందన్న ఊసే లేదు, ఎవరినీ అనలేదు, ఒక్క అబద్ధం కూడా లేదు. అబద్ధం లేనప్పుడు రెండో గొంతు మాత్రం ఏం చెప్తుంది అనుకున్నాడు. ఏడు పాటలు చేశాక కూడా అతనికి గది సంగతి అర్థం కాలేదు.

బుధవారం ఒంటిగంటకు మైకు ముందు నిలబడ్డాడు. మొదటి గొంతు ఇలా ఉంది:

నలభై మూడు గుమ్మాలు, ఒక్కటే బూడిద
ఫ్రిజ్జు మోసినోడు ఫ్రిజ్జు, పటం మోసినోడు పటం
నేను మోసిందేంటో ఎవడూ అడగలేదు

రెండోసారి అవే మాటలు పాడి తెర తీసుకుని బయటికి వచ్చాడు. రోడోరా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటోంది. ఆమె హెడ్‌ఫోన్ల తీగ పీకేసింది. స్పీకర్లోంచి అతని గొంతు గదిలోకి వచ్చింది:

ఐదు వైర్లు నావే, ఒక్కటే బోర్డు
స్విచ్చి ఆపలేదు, పోటీకి టైమైంది
ఎవరింట్లో అంటే, కొవ్వొత్తి అన్నాను

కింద ఎవరో అన్నం డబ్బా మూత పెట్టారు. ఆ చప్పుడు పైకి స్పష్టంగా వినిపించింది.

"ఏ బోర్డు?" అంది రోడోరా.

"నా గదిలోది. యాంప్లిఫయరు, కంప్యూటరు, ఫ్యాను, అన్నీ దానికే. కరెంటు పోయినప్పుడు ఆపకుండా వెళ్లిపోయా. సందు చివరికి వెళ్లేసరికి కరెంటు తిరిగొచ్చింది. వెనక్కి చూస్తే మా కిటికీలోంచే పొగ."

"మీ కిటికీలోంచి."

"మా దాంట్లోంచే. తర్వాత ఫైరింజనాయన పుస్తకం పట్టుకుని అడిగాడు. నేను పక్కనే ఉన్న మీ గోడ వైపు చూసి ఒక్క మాట అన్నా. అంతే అక్కా, ఒక్క మాట."

"ఆ తర్వాత దానిమీద ప్రాస కట్టావు. జనం నవ్వారు."

రోడోరా లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. ఈ ఆరేళ్లలో తల్లి మీద తను విసుక్కున్న మాటలు ఒక్కొక్కటే ఆమెకు గుర్తొస్తున్నాయి. "ఆ దిక్కుమాలిన కొవ్వొత్తి ఆర్పడానికి అర నిమిషం పట్టేదా నీకు" అన్న మాట ఆమె చాలాసార్లు అంది.

రెండయింది. యంత్రాలు కదిలాయి, నేల వణికింది. ఆ మోత మీద ఆమె గట్టిగా అంది:

"శుక్రవారం రా. ఇదంతా మొదటి గొంతులోనే ఉండాలి. లేకపోతే ఈ గుమ్మం తొక్కకు."

శుక్రవారం రెండు గొంతులూ కలిశాయి. ఎనిమిది పాటల్లో అంత నిండుగా మరేదీ రాలేదు.

శనివారం రోడోరా తల్లిని తీసుకొచ్చింది. ఆలింగ్ కోరింగ్ మెట్లు ఆగాగి ఎక్కింది. డెల్ఫిన్‌ను చూసి, "ఇస్యాంగ్ మనవడివి కదూ, చిక్కిపోయావే," అంది. నెరిసిన జుట్టు మీద హెడ్‌ఫోన్లు పెట్టించుకుని పాట మొత్తం వింది. డెల్ఫిన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెంపదెబ్బకు సిద్ధపడ్డాడు, శాపనార్థాలకు సిద్ధపడ్డాడు.

కోరింగ్ హెడ్‌ఫోన్లు తీసి కూతురికిచ్చింది.

"మంచి పిల్లాడు. నా మీద జాలిపడి నెత్తినేసుకుంటున్నాడు."

"కాదు ఆలింగ్ కోరింగ్, నిజంగా నేనే..."

"ఊరుకో బాబూ. నా చేత్తో నేను చేసింది నాకు తెలీదా? కరెంటు పోయింది. బాల యేసు ముందు నిలబడ్డా. పుల్ల గీశా. వేలికి చురుక్కుమంది కూడా. ఇదిగో."

చూపుడువేలు చాపింది. కొసన గోధుమరంగు మచ్చ ఉంది.

డెల్ఫిన్ ఆ మచ్చ వైపే చూస్తుండిపోయాడు. ఈ ఆరేళ్లలో తన నేరం ఎంతుంటుందో అతను చాలాసార్లు అంచనా వేసుకున్నాడు: ఒక ఇల్లు, ఒక పేరు, ఒక వీడియో. ఆ మాట ఆవిడ లోపలికి వెళ్లి అగ్గిపుల్లగా, చురుకుగా, వేలి మీద మచ్చగా తయారైందని అతని అంచనాలో ఎప్పుడూ లేదు.

"అమ్మా, ఆ మచ్చ ఇస్త్రీపెట్టెది. పోయిన ఏడాది పిన్నింట్లో కాలింది. మందు రాసింది నేనే," అంది రోడోరా.

"నీకేం తెలుసు? మంట రేగిన రోజు నువ్వు ఫ్యాక్టరీలో ఉన్నావ్."

"సరే. ఆ మాటే లోపలికెళ్లి మైకులో చెప్పు."

"నేనా? నాకు పాటలెక్కడొచ్చు?"

"పాట కాదు. ఇప్పుడు చెప్పావే, అదే."

కోరింగ్ తెర అవతలికి వెళ్లింది. చర్చిలో చెప్పినట్టే చేతులు కట్టుకుని చెప్పింది: కరెంటు పోయింది, పుల్ల గీశాను, కొవ్వొత్తి వెలిగించాను, మర్చిపోయాను.

"ఇంకోసారి," అంది రోడోరా.

"సరిగ్గా రాలేదా?"

"వచ్చింది. ఇంకోసారి చెప్పు."

అవే మాటలు మళ్లీ చెప్పింది. బయటికొచ్చి, గౌను అంచుతో మెడ తుడుచుకుంది. రోడోరా రెండో గొంతు స్పీకర్లో పెట్టింది.

"అగ్గిపెట్టె తడిసిపోయింది," అంది కోరింగ్ గొంతు. "పైకప్పు కారి మొత్తం నానింది. కిటికీలో ఎండబెట్టా. కొవ్వొత్తి వెలిగించలేదు. బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి పోయా. నా ముందు పదకొండు మంది. పొగ అక్కణ్ణించే చూశా."

రోడోరా రికార్డింగు ఆపింది.

"మళ్లీ పెట్టు," అంది కోరింగ్.

రోడోరా మళ్లీ పెట్టింది. నాలుగోసారికి కోరింగ్ స్టూలు వెతుక్కుని కూర్చుంది.

"పదకొండు మంది," అంది నెమ్మదిగా. "నా ముందు లుసింగ్. చంటిదాన్ని చంకనేసుకుంది. అది నా చెవి రింగు పట్టుకు లాగింది. నేను అక్కడే ఉన్నా." కూతురి వైపు తిరిగింది. "మరి నేను గీసిన పుల్ల? ఇంత స్పష్టంగా కనపడుతుందే, అది ఎవరిది?"

కోరింగ్ తన వేలిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా. తర్వాత డెల్ఫిన్ వైపు చూసింది.

"రేపు సంతకాల దగ్గరికి రా. అక్కడ నిలబడి చెప్పు. ఈ డప్పులేవీ లేకుండా."

"మా నాయనమ్మ అక్కడే ఉంటుంది, ఆలింగ్ కోరింగ్."

"ఉండనీ. నేనూ ఉంటాను."

ఆ సాయంత్రం అతను తన లోలాకు, అంటే ఇస్యాంగ్ నాయనమ్మకు, అంతా చెప్పాడు. ఆవిడ చేపల పొలుసు గీస్తూ వింది. చివరిదాకా గీస్తూనే ఉంది, శుభ్రమైపోయిన చేపను కూడా.

ఆదివారం ఉదయం బాస్కెట్‌బాల్ కోర్టులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నలభై మూడు కుటుంబాలూ వచ్చాయి. ఇళ్ల సంఘం అధ్యక్షుడు మాంగ్ కార్డింగ్ పేర్లు చదవబోతుంటే డెల్ఫిన్ ముందుకెళ్లి నిలబడ్డాడు. కుర్రాళ్లు కొందరు ఈల వేశారు, కత్తి ఏదో వదులుతాడని. అతను ప్రాస లేకుండా, తాళం లేకుండా, నిమిషం లోపే చెప్పేశాడు. కొంతమంది ఇంకా ఏదో ఉంటుందని చూశారు. లేదని అర్థమయ్యాక కోర్టు పైన రేకుల మీద కాకి నడిచిన చప్పుడు కూడా వినిపించింది.

మొదట కదిలినవి కుర్చీలు. లోలా ఇస్యాంగ్‌కు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు లేచి వెనక్కి జరిగారు. ముందు వరసవాళ్లు కుర్చీలను రెండడుగులు లాక్కున్నారు. ఆవిడ చుట్టూ ఖాళీ ఏర్పడింది. పక్క కుర్చీలో ఆవిడ చేతిసంచి ఒక్కటే మిగిలింది. ఆవిడ తల ఎత్తలేదు.

"ఇస్యాంగ్ ఇంటి సంగతి వచ్చే వారం తేలుద్దాం," అన్నాడు మాంగ్ కార్డింగ్, నుదురు తుడుచుకుంటూ. తర్వాత పేర్లు చదివాడు. పదిహేడో పేరు సొకోర్రో బెనావిడెస్, అది కోరింగ్ అసలు పేరు. ఆలింగ్ కోరింగ్ లేచి వెళ్లి, ఒక్కో అక్షరం చూసుకుంటూ సంతకం పెట్టింది. కలం తిరిగిచ్చింది.

రోడోరా వెనక వరసలో తల్లి కోసం కుర్చీ పట్టుకుని ఉంది. కోరింగ్ అటు వెళ్లలేదు. ఖాళీ దాటుకుంటూ నడిచి ఇస్యాంగ్ ముందు ఆగింది. కోరింగ్ మొహం మెత్తబడలేదు.

"సంచీ తియ్యి," అంది. "కూర్చోవాలి."