వెంకటనర్సయ్య చెవి

ఫిల్మ్‌నగర్‌లో తుపాకీ పేలే సీను తీయాలంటే వెంకటనర్సయ్య ఉండాల్సిందే. షేక్‌పేటలో షాపు, చేతిలో లైసెన్సు, పక్కన పని నేర్చిన కూతురు మనోజ. సినిమా తూటాలో గుండు ఉండదు, మందు మాత్రమే. మోత, పొగ, అంతే! అంతేలే అని ఎవరైనా నవ్వితే ఆయనకు ఒళ్లు మండేది. తన తూటా వల్ల ఇన్నేళ్లలో ఒక్క ఆర్టిస్టుకు కూడా రవ్వంత గాయం కాలేదని మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. చెప్పుకోడూ మరి! ఉన్న మాటే కదా.

పాత రైఫిళ్లు మర్యాదస్థులు. పేల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని, అదే ఖాళీ షెల్‌ను, మెల్లగా బయటికి లాక్కోవచ్చు. ఈ సెమీ ఆటోమేటిక్‌లున్నాయే, వీటికి అంత ఓపిక ఎక్కడిది? పేలీ పేలగానే ఇత్తడి షెల్‌ను పక్కకు విసిరికొడతాయి. దాంతో షెల్ మూతి సొట్టపోతుంది, ఒక్కోసారి వెంట్రుకవాసి చిట్లుతుంది. సొట్టను సరిచేసి మళ్లీ మందు నింపుకోవచ్చు. చిట్లినదాన్ని నింపితే మాత్రం తుపాకీలోనే పగిలి, పట్టుకున్నవాడి ముఖం కాలుతుంది.

అందుకే వెంకటనర్సయ్య ప్రతి ఖాళీ షెల్‌నూ రాతిపలక మీద వేసి వినేవాడు, కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే అవతలికి.

ఆ రోజు క్లైమాక్స్. కొత్త సరుకు రాలేదు. పొద్దున పేల్చిన షెల్లనే మధ్యాహ్నం షాటుకు సిద్ధం చేయాలి. ప్రొడక్షన్ మేనేజర్ ఓంప్రకాష్ సెట్ పక్కన వాళ్లు వేసుకున్న టెంటు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నర్సన్నా, జర జల్దీ! హీరో రెడీ అయి కూసున్నడు."

"అయిపోయింది. అన్నీ ఇన్న, అన్నీ మంచియే" అని వెంకటనర్సయ్య మందు డబ్బా అందుకున్నాడు.

మనోజ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాపూ. నింపకు."

ఆయన ముఖం ఎర్రబడింది. పరాయివాడి ముందు, తన కూతురు, తన చెయ్యి పట్టుకుని ఆపడమా!

"ఏందే? నేను చూసినయి మల్ల చూసేదేముంది?"

ఆయన మంచివని పక్కన పెట్టిన వాటిలోంచి మనోజ ఒక షెల్ తీసి పలక మీద వేసింది. తర్వాత, ఇందాకటి నుంచి కన్నేసి ఉంచిన ఇంకొకటి. రెండోది పడగానే ఓంప్రకాష్ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"గదేంది, గట్ల మోగింది?"

వెంకటనర్సయ్యకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. మళ్లీ వేయమన్నాడు. వంగి, పలకకు చెవి ఆనించినంత పని చేశాడు. ఒక్కలాగే ఉన్నాయి. రెండో షెల్‌ను తీసుకుని మూతి మీద గోరు నడిపించాడు. గోరు చీలికలో చిక్కుకుంది. జీవితమంతా తుపాకుల మోత విన్న చెవులు, ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు.

"ఎప్పటిసంది బిడ్డా?" అన్నాడు.

"చాన రోజులాయె బాపూ. నువ్వు చాయ్‌కి పోంగనే నేను అన్నీ మల్ల ఒక్కసారి ఇంటున్న. ఇయ్యాల నువ్వు చాయ్‌కి పోలే."

సిగ్గుపడాల్సిన చోట ఛాతీ ఎందుకు ఉప్పొంగుతోందో ఆయనకే అర్థం కాలేదు. తను వెనక్కి తిరిగి చూడని ప్రతిరోజూ ఈ పిల్ల ఇక్కడ కూర్చుని, ఒక్క ముక్క బయటికి పొక్కనీయకుండా, పని చక్కబెట్టిందన్నమాట. అబ్బ, ఏం బిడ్డ!

ఓంప్రకాష్ వాచీ చూసుకున్నాడు. "అన్నా, డైరెక్టర్‌కి ఏం జెప్పాలె?"

వెంకటనర్సయ్య లేచి స్టూలు కూతురి ముందుకు జరిపాడు. టెంటు బయట ఉన్న లైట్‌మెన్ కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు.

"నా చెవులు పోయినయని జెప్పు. ఇగ నా బిడ్డ ఇంటది. అది సరే అనేదాంక హీరోను కూసోమను!"